గుమ్మం దగ్గర చిల్లర

మా ఊరి పేరు ఉండి. "ఎక్కడుంటారండీ?" అని ఎవరైనా అడిగితే "ఉండిలో ఉంటామండీ" అని చెప్పాలి. విన్నవాళ్ళు నవ్వుతారు. అలవాటైపోయింది కనుక మేమూ నవ్వుతాం. పేరుకి తగ్గట్టే ఊరు కూడా పక్కన కాలువనీ, చుట్టూ వరిచేలనీ, ఆ చేలని ఒక్కొక్కటే మింగుతున్న చేపల చెరువుల్నీ పెట్టుకుని ఉన్నచోటే ఉంది. పోయేవాళ్ళు మనుషులే. మద్రాసు పోయారు, హైదరాబాదు పోయారు, అమెరికా పోయారు. అలా మా పొరుగున ఉన్న భీమవరంలో పుట్టి, వందేళ్ళ కిందటే అమెరికా పోయిన ఒకాయన సంగతి, ఆయన చేతికి చిక్కిన ఒక చిన్న పదార్థం సంగతి, ఆ పదార్థం ఖర్చుపెడితే తప్ప లోపలికి దారివ్వని ఒక గుమ్మం సంగతి ఈసారి చెబుతాను.

ఆ గుమ్మం ఎక్కడో లేదు. మీ ఒంట్లో ఉంది, నా ఒంట్లో ఉంది, తాటిచెట్టు మీద కల్లు కుండలోనూ ఉంది.

కంగారు పడకండి. నేను బి.ఏ. చదివినదాన్ని. కాలేజీలో సైన్సు తరగతి గుమ్మం తొక్కినదాన్ని కాదు. అయితే కథలు రాసేవాళ్ళకి ఒక అలవాటుంటుంది. ఏ పెళ్ళికి వెళ్ళినా పెళ్ళికొడుకుని చూడటం మానేసి, ఎవరు దర్జాగా లోపలికి వచ్చారు, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోయారు, ఎవరిని ఎవరు చెయ్యి పట్టుకు తీసుకొచ్చారు అని చూస్తూ కూర్చుంటాం. ఈ కథంతా సరిగ్గా అదే. అందుకే నాకు నచ్చింది.

ముందు భీమవరం ఆయన దగ్గర మొదలుపెడదాం. పేరు మీకు తెలిసినదే, యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథంగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. చిన్నప్పుడు చదువు మీద పెద్ద ధ్యాస లేదు. పదమూడో ఏట ఇల్లు వదిలి, కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళమ్మి డబ్బు గడిద్దామని బయల్దేరారని, ఆ తల్లి వెనక్కి పట్టి తెప్పించిందని చెబుతారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. ఇల్లు గడవడమే గగనంగా ఉన్న రోజుల్లో కూడా కొడుకు చదువు ఆగకూడదని వెంకమ్మగారు నగలమ్మి మద్రాసు పంపారట. ఆ నగల తూకమెంతో ఏ చరిత్రా రాయలేదు. రాస్తే బావుండేదని నాకనిపిస్తుంది.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఈయన గాంధీగారి పిలుపందుకుని ఖద్దరు గౌను వేసుకున్నారు. దొరగారైన ప్రొఫెసరుకి అది నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే ఓ మెట్టు కిందిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం విరిగిపోయి మనిషి శుష్కించిపోయే జబ్బది. దాని మూలమేమిటో తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనకి అక్కడే పుట్టిందంటారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కలిసి 1922లో ఆయన్ని ఓడెక్కించాయి. భార్య శేషగిరిగారు పుట్టింట్లో ఉండిపోయారు. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. భర్తని ఆవిడ మళ్ళీ చూడలేదు. ఒక్కసారి కూడా.

పెద్ద పెద్ద జీవితచరిత్రల్లో ఈ మాటకి రెండు మూడు వాక్యాలకంటే ఎక్కువ చోటుండదు. సరే, ముందుకు పోదాం. శేషగిరిగారి దగ్గరికి మళ్ళీ వద్దాం.

బోస్టన్‌లో పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆస్పత్రిలో మలమూత్రాల పాత్రలు కడిగే కొలువు. తరవాత సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి ఇద్దరూ కలిసి 1925లో తయారుచేశారు. రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువన్నమాట. నీలిమందు వేసి తెల్లబట్టలు జాడించినవాళ్ళకి ఇది వివరించి చెప్పనక్కరలేదు. ఫిస్కే, సుబ్బారావుల పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో స్థిరపడిపోయింది.

ఆ నీలం రంగుతో కండరాల్లో భాస్వరాన్ని వెతుక్కుంటూ పోతే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఇంకొకటి దొరికింది. దాని పేరు పలకడం కష్టం, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. ముద్దుపేరు ఎ.టి.పి. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ అనే ఆయనకీ విడిగా అదే పదార్థం దొరికింది. ఇద్దరిదీ స్వతంత్రమైన పనే.

ఎ.టి.పి. అంటే ఏమిటో మన డెల్టావాళ్ళకి చెప్పడం తేలిక. గాదె నిండా ధాన్యం ఉంది. భీమవరం బస్సెక్కారు. కండక్టరు ధాన్యం పుచ్చుకుంటాడా? పుచ్చుకోడు. ధాన్యం అమ్మి, నోటు మార్చి, చిల్లర చేతిలో పెట్టుకుని బస్సెక్కాలి. మనం తినే అన్నం, పప్పు, నెయ్యి అంతా గాదెలో ధాన్యం. వేలు కదపాలన్నా, కంటిరెప్ప వెయ్యాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా కావలసింది చిల్లర. ఆ చిల్లరే ఎ.టి.పి. ఒంట్లో ఏ క్షణాన చూసినా గుప్పెడుకి మించి ఉండదు. కాని అది ఖర్చవుతూ, మళ్ళీ తయారవుతూ రోజు మొత్తం మీద దాదాపు మన బరువంత చేతులు మారుతుంది. ఏ పనీ చెయ్యకుండా పడక్కుర్చీలో కూర్చున్న మామగారి ఒంట్లో కూడా.

ఇంత పని చేసిన మనిషికి హార్వర్డు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. అదే విభాగంలో చదువుకుని, 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జి హిచింగ్స్ తరవాతి రోజుల్లో ఒక మాట చెప్పారు: సుబ్బారావుగారు వేరుచేసిన మరికొన్ని పదార్థాలు ఫిస్కే అసూయవల్ల వెలుగు చూడలేదని, ఏళ్ళ తరవాత వేరేవాళ్ళు వాటిని మళ్ళీ కనిపెట్టుకోవలసి వచ్చిందని. సుబ్బారావుగారు మాత్రం పేరు కోసం ఎక్కడా పేచీ పడినట్టు కనబడదు. ఫిస్కేకి దక్కవలసింది ఫిస్కేకి దక్కాలని తనే వెనక నిలబడే స్వభావం.

ఇక గుమ్మం దగ్గరికి వద్దాం.

మన శరీరం కణాలతో కట్టిన ఇల్లని హైస్కూల్లో చదువుకున్నాం కదా. ఎర్రరక్తకణాల్లాంటి కొన్నిటిని మినహాయిస్తే ప్రతి కణం మధ్యలోనూ ఇంకో చిన్న గది ఉంటుంది. దాన్ని కేంద్రకం అంటారు. ముక్కు తాతగారిది, జుట్టు మేనత్తది అని మనం లెక్కలు చెప్పుకుంటామే, ఆ దస్తావేజులన్నీ ఆ గదిలో భద్రం. గదికి రెండు పొరల గోడ. గోడకి సన్నటి గుమ్మాలు. 1950లో బ్రిటన్‌లో కాలన్, టామ్లిన్ అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ గుమ్మాలని చూశారు.

ఇక్కడో చిక్కుంది. దస్తావేజులు లోపలి గదిలో ఉన్నాయి. కాని ఒంట్లో పనులన్నీ చేసే ప్రోటీన్లు తయారయ్యే వంటిల్లు ఆ గది బయట ఉంది. మన చిన్నప్పటి పుస్తకాల్లో వీటినే మాంసకృత్తులు అనేవారు. దస్తావేజులు చదివేది, నకలు రాసేది, చెదపట్టిన చోట బాగుచేసేది ప్రోటీన్లే. అంటే బయట పుట్టి లోపల పని చెయ్యాలి. పెరట్లో వంట చేసి నడవలో వడ్డించినట్టు. మరి గుమ్మం దగ్గర ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి? చిన్న చిన్న అణువులు పిల్లల్లా సందులోంచి దూరి వెళ్ళిపోతాయి. పెద్దవాటి సంగతే ప్రశ్న.

1982లో కేంబ్రిడ్జిలో రోనాల్డ్ లాస్కీ బృందం కప్పగుడ్డుతో ఒక ప్రయోగం చేసింది. కేంద్రకంలోకి వెళ్ళే అలవాటున్న ఒక ప్రోటీన్ తీసుకుని దాని తోక కత్తిరించారు. తోక లేని మొండెం బయటే ఉండిపోయింది. ఒట్టి తోక మాత్రం చక్కా లోపలికి వెళ్ళింది. అంటే అనుమతి పత్రం తోకలో ఉందన్నమాట.

ఆ పత్రంలో ఏం రాసి ఉందో చదవడానికి సాయపడినవాటిలో ముఖ్యమైనది ఈస్ట్. బ్రెడ్డు పొంగించేదీ, తాటికల్లుని పులియబెట్టేదీ అదే. (ఇడ్లీ పిండి మాత్రం దీని లెక్కలోకి రాదు. అక్కడ పెత్తనం ఎక్కువగా బాక్టీరియాది.) కంటికి కనబడని ఒంటికణపు జీవి. కాని బాక్టీరియాలా కాదు, మనలాగే దానికీ కేంద్రకం ఉంది, దస్తావేజులున్నాయి, గుమ్మాలున్నాయి. ఒక్కో కేంద్రకానికి వంద నుంచి రెండు వందల దాకా ఉంటాయట. పైగా ఇంకో విశేషం. మన కణం రెండుగా చీలేటప్పుడు కేంద్రకపు గోడ కరిగిపోయి మళ్ళీ కట్టుకుంటుంది. ఆ సందడిలో ఎవరు లోపలున్నారో ఎవరు బయటున్నారో! ఈస్ట్ గోడ ఎన్నడూ కూలదు. గోడ అలా నిలిచి ఉండగానే రెండు గదులవుతుంది. అంచేత ఈస్ట్‌లో లోపలికి వెళ్ళాలనుకున్న ప్రతి పెద్ద ప్రోటీనూ గుమ్మం దాటవలసిందే, దొడ్డిదారి లేదు. గంటన్నర, రెండు గంటలకి సంతానం రెట్టింపవుతుంది. దాని జన్యువుల్ని మార్చడం తేలిక. పిండిలో ఇంత, కుండలో ఇంత ఉండే ఈ జీవిని శాస్త్రజ్ఞులు నెత్తిన పెట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

1984లో రెండు ప్రయోగాలు వచ్చాయి. ఒకటి మైకేల్ హాల్, లిన్నా హెర్‌ఫర్డ్, ఐరా హెర్స్‌కోవిట్జ్ చేసినది. రెండోది పమేలా సిల్వర్ అనే ఆవిడ, లియామ్ కీగన్, మార్క్ టాష్నీలతో కలిసి చేసినది. ఎక్కడనుకుంటున్నారు? సుబ్బారావుగారికి చోటివ్వని ఆ హార్వర్డులోనే. యాభై ఐదేళ్ళ తరవాత.

రెండింటిలోనూ ఉపాయం ఒకటే. బాక్టీరియాకి చెందిన ఒక పెద్ద ప్రోటీన్ తీసుకున్నారు. బాక్టీరియాకి కేంద్రకమే లేదు కనుక ఆ ప్రోటీన్‌కి గుమ్మమంటే ఏమిటో తెలియదు. ఈస్ట్ కణంలో దాన్ని తయారు చేయిస్తే వంటింట్లోనే తిరుగుతుంది. ఇప్పుడు ఈస్ట్ సొంత ప్రోటీన్ మొదటి ముక్క కొంచెం తెచ్చి దీనికి తగిలించారు. హాల్ బృందం ఈస్ట్ ఆడా మగా లాంటి తేడాని నిర్ణయించే ప్రోటీన్‌లోంచి తెచ్చింది. సిల్వర్, పాలచక్కెరలో సగభాగమైన గాలక్టోజ్‌ని ఈస్ట్ వాడుకునేట్టు చేసే ప్రోటీన్‌లోంచి తెచ్చారు. అంతే! ఆ పరాయి ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్ళి కూర్చుంది. హాల్ ప్రయోగంలో అందుకు 13 ముక్కల పొడవున్న తునక సరిపోయింది. ప్రోటీన్లు ముత్యాల దండల్లాంటివి. వెయ్యికి పైగా ముత్యాలున్న దండని లోపలికి పంపడానికి 13 ముత్యాలు!

అదే ఏడు ఇంగ్లండులో మరో బృందం ఒక కోతివైరస్ ప్రోటీన్‌లో అనుమతి పత్రం పొడవు 7 ముత్యాలేనని తేల్చింది. అందులో ఒక్క ముత్యం మార్చి చూశారు. ప్రోటీన్ బయటే ఉండిపోయింది. శుభలేఖలో ఇంటిపేరు ఒక్క అక్షరం తప్పు పడితే పెళ్ళికి రాకుండా అలిగి కూర్చునే బంధువులు మనకి కొత్తేమీ కాదు కదా.

అయితే శుభలేఖ చేతిలో ఉన్నంతమాత్రాన పెళ్ళింట్లోకి ఎవరంతట వాళ్ళు చొరబడరు. గుమ్మం దగ్గర ఒకావిడ నిలబడి ఉంటుంది. "రండి వదినా, రండి" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, మళ్ళీ గుమ్మం దగ్గరికి వస్తుంది. 1990లలో ఆ ఆవిడ కూడా దొరికింది. జర్మన్ శాస్త్రజ్ఞుడు డర్క్ గోర్లిష్ 1994లో ఆమెకి ఇంపోర్టిన్ అని పేరు పెట్టారు. నిజానికి ఇద్దరు, జంటగా పనిచేస్తారు. ఒకరు శుభలేఖ చదువుతారు, ఒకరు గుమ్మం దాటిస్తారు. ఈస్ట్‌లోనూ ఆ జంట ఉంది, మనలోనూ ఉంది. ఈస్ట్‌లో వాళ్ళిద్దరిలో ఏ ఒక్కరిని తీసేసినా ఆ కణం బతకదు. గుమ్మంలో అడ్డంగా ఒక మెత్తటి చిక్కువల ఉంటుంది. పరాయివాళ్ళు అందులో చిక్కుకుంటారు. ఇంపోర్టిన్ మాత్రం ఆ దారాలకి చుట్టమే కనుక తాకుతూ, వదులుతూ సులువుగా జారిపోతుంది. ఒక్కో గుమ్మంలో సెకనుకి వెయ్యి దాకా రాకపోకలు జరుగుతాయని లెక్కగట్టారు. ఏ తిరునాళ్ళ రద్దీ ఇంత ఉంటుంది చెప్పండి?

ఇప్పుడు చిల్లర సంగతి. 1988లో అమెరికాలో న్యూమేయర్, డగ్లస్ ఫోర్బ్స్ జంటా (డగ్లస్ అన్నంతమాత్రాన మగాయన అనుకునేరు, ఆవిడ స్త్రీయే), ఇంగ్లండులో లాస్కీ బృందమూ విడివిడిగా ఒక విషయం గమనించారు. కణంలో ఎ.టి.పి. లేకుండా చేస్తే, శుభలేఖ ఉన్న ప్రోటీన్ గుమ్మం దాకా వస్తుంది. గుమ్మాన్ని పట్టుకుని నిలబడుతుంది. లోపలికి మాత్రం పోదు. ఎ.టి.పి. ఇస్తే కదులుతుంది. గుమ్మం దాకా రావడానికి పిలుపు చాలు, గుమ్మం దాటడానికి చిల్లర కావాలి.

ఆ వాక్యం దగ్గరే నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. భీమవరం పిల్లవాడు, తల్లి నగల డబ్బుతో చదువుకుని, రాత్రిళ్ళు ఆస్పత్రి పాత్రలు కడిగి, నీలం రంగు పట్టుకుని వెతికి వెతికి గుర్తుపట్టిన నాణెం. సృష్టిలో అతి పవిత్రమైన గది గుమ్మం దగ్గర అడుగుతున్నది ఆ నాణేన్నే.

తరవాత 1993లో ఇంకాస్త స్పష్టమైంది. గుమ్మం దగ్గర నేరుగా అందుకునేది ఎ.టి.పి. చెల్లెలులాంటి జి.టి.పి. అట. రాన్ అనే ఒక చిన్న ప్రోటీన్ దాన్ని పట్టుకుని ఉంటుంది. దీన్ని న్యూయార్క్‌లో మేరీ షానన్ మూర్, గుంటర్ బ్లోబెల్ ఒకవైపు, ఫ్రౌకే మెల్షియార్ అనే ఆవిడ ఉన్న బృందం మరోవైపు చూపించారు. జి.టి.పి. ఖర్చయిపోతే దాన్ని మళ్ళీ నింపడానికి కణం తీసేది ఎ.టి.పి. పర్సునే. అంచేత లెక్క ఎటు తిరిగినా మన నాణెం దగ్గరికే వస్తుంది.

ఇది ఎలా పనిచేస్తుందో మా ప్రాంతం వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కాటన్ దొరగారు 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక గోదావరి కాలువలు మా ఇళ్ళ దాకా వచ్చాయి. మా మామ్మ కాపరానికి పడవలోనే వచ్చింది. లాకుల దగ్గర పడవ ఆగేదట. ఒకవైపు నీరు ఎత్తు, ఒకవైపు పల్లం. తలుపులు మూసి, నీటి మట్టం సరిచేసి, తెరిస్తే పడవ సాగేది. పడవని ఎవరూ భుజం మీద మోయరు. మోసేదంతా నీటి మట్టాల తేడా. కేంద్రకం దగ్గరా అంతే. జి.టి.పి. పట్టుకున్న రాన్ లోపల ఎక్కువ, బయట దాదాపు శూన్యం. ఇంపోర్టిన్ లోపలికి రాగానే రాన్ వచ్చి అతుక్కుని "ఇక వదిలిపెట్టమ్మా" అంటుంది. చుట్టం లోపల దిగిపోతుంది. ఇంపోర్టిన్ రాన్‌తోపాటు బయటికి వస్తుంది. బయట జి.టి.పి. ఖర్చయి రాన్ విడిపోతుంది. ఇంపోర్టిన్ మరో చుట్టానికి చెయ్యి చాపుతుంది. గుమ్మం దాటడానికి కాదు, ఆ తేడాని నిలబెట్టడానికి చిల్లర ఖర్చు. లాకుల పడవలు పోయాయి. ఈ లాకులు మాత్రం మీరు ఈ వాక్యం చదివేలోపు మీ ఒంట్లో ఎన్ని కోట్లసార్లు తెరుచుకుని మూసుకున్నాయో.

ప్రోటీన్లకి ఎక్కడికి పోవాలో ఒంటిమీదే రాసి ఉంటుందని చూపినందుకు బ్లోబెల్‌కి 1999లో నోబెల్ బహుమతి వచ్చింది.

"ఇదంతా తెలిస్తే మనకేం ఒరిగిందమ్మా?" అని అడగొచ్చు. ఇల్లాళ్ళం, లాభం లేని బేరం చెయ్యం. చెబుతాను.

గుమ్మంలోంచి లోపలికి వెళ్ళేవాళ్ళున్నట్టే బయటికి వచ్చేవాళ్ళూ ఉంటారు. వాళ్ళని బయటికి తెచ్చేవాటిలో ఒకదాని జాడ మొదట దొరికింది ఈస్ట్‌లోనే, 1989లో, జపానులో. కొన్ని కేన్సర్లలో ఏం జరుగుతుందంటే, కణాన్ని అదుపులో పెట్టే కాపలా ప్రోటీన్లని ఇది అదేపనిగా బయటికి తోసేస్తుంది. కాపలాదారు లేని ఇల్లు ఏమవుతుంది? దాన్ని ఆపే సెలినెక్సార్ అనే మందుకి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. మల్టిపుల్ మైలోమా అనే రక్తకేన్సర్‌కి అది వాడతారు. కల్లు కుండలో జీవి గుమ్మాన్ని చూసినవాళ్ళ పని ఆస్పత్రి మంచం దాకా వచ్చిందన్నమాట.

ఇక సుబ్బారావుగారి సంగతి. 1940లో ఆయన హార్వర్డు వదిలి లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకి వెళ్ళారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. దీని తొలి జాడ ఎక్కడ దొరికిందో తెలుసా? బొంబాయి మిల్లు కూలీ స్త్రీల దగ్గర. గర్భంతో ఉండగా రక్తం తగ్గిపోయి ప్రాణాల మీదికి వస్తున్న ఆ తల్లులకి లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ మార్మైట్ తినిపించి నయం చేసింది. 1931లో ఆ సంగతి ప్రకటించింది. మార్మైట్ అంటే మరేం కాదు, ఈస్ట్ సారం! అందులో ఉన్న మందే ఫోలిక్ యాసిడ్. కేంద్రకంలో దస్తావేజులకి నకలు రాయాలంటే అది ఉండి తీరాలి. కడుపులో బిడ్డ పెరగడమంటే రాత్రింబవళ్ళు నకళ్ళు రాయడమే కదా. మనమందరం కడుపుతో ఉన్నప్పుడు మింగిన మాత్ర అదే. సుబ్బారావుగారి అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి కూడా అదే మందయింది. వాళ్ళు పోయిన పాతికేళ్ళకి.

అదే మాత్రని కొంచెం మార్చి, నకళ్ళు రాయడాన్ని ఆపే మందు చేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్తకేన్సర్ వచ్చిన పసిపిల్లలకి ఇచ్చి చూశారు. కొందరు కొన్నాళ్ళపాటు లేచి తిరిగారు. 1948లో ఆ వార్త వచ్చింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈనాటికీ కేన్సర్‌కీ, కీళ్ళవాతానికీ వాడుకలో ఉంది. ఆ ఫార్బర్ పేరు పెట్టుకున్న సంస్థలోనే, ఈస్ట్ గుమ్మం కథ చెప్పిన పమేలా సిల్వర్ కొన్నేళ్ళు పనిచేశారు. చూశారా, కథలు రాసేవాళ్ళు ఇలా కలిపితే "మరీ అతికించావమ్మా" అంటారు. చరిత్ర కలిపితే ఎవరూ ఏమీ అనరు.

మా గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్రలు కూడా ఆయన నడిపిన ప్రయోగశాల సృష్టే. దోమలకీ బోదకాళ్ళకీ పేరుపడ్డ ఈ నేల నుంచి పోయినాయన ఇటు రాకపోయినా మందు మాత్రం ఇంటికొచ్చింది.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే ఆయన పోయారు. యాభై మూడేళ్ళు. 1995లో మన తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. భీమవరంలో ఆయన పేరు గర్వంగా చెప్పుకుంటారు. అయినా ఎ.టి.పి. అనగానే ప్రపంచానికి ఆయన పేరు గుర్తురాదు. నాణేల తీరే అంత. చిల్లర చేతిలో పడితే బస్సు కదులుతుందా లేదా అన్నదే లెక్కగాని, ఏ టంకశాలలో ఎవరు పోతపోశారని ఎవరు అడుగుతారు?

ఆయన సంగతి అలా ఉంచండి. ఆయనకి స్టాంపు ఉంది, నా బోటివాళ్ళు రాసే వ్యాసాలున్నాయి. వెంకమ్మగారి నగలకి ఏమీ లేదు. 1922 నుంచి ఇరవై ఆరేళ్ళు గుమ్మం వైపు చూసిన శేషగిరిగారికీ ఏమీ లేదు. ఎ.టి.పి. పేరుతో ఏ శాస్త్రగ్రంథం తెరిచినా రెండు పేర్లో మూడు పేర్లో ఉంటాయి. అసలు ధర ముందుగా చెల్లించినవాళ్ళ పేర్లు ఉండవు. ఒకావిడ బంగారం ఇచ్చింది. ఒకావిడ కాపురం ఇచ్చింది. ఆ మొదటి చిల్లర వాళ్ళది.

మీ పిల్లలు సైన్సు పుస్తకంలో ఎ.టి.పి. అని వల్లె వేస్తుంటే, భీమవరం పేరు చెప్పండి, సుబ్బారావుగారి పేరు చెప్పండి. ఆ ఇద్దరి పేర్లూ కూడా చెప్పండి. పరీక్షలో మార్కులు రావు. అయినా చెప్పండి.